కృష్ణలో వదిలిన అక్వేరియం మొక్కలు

జగ్గయ్యపేట, ఆదివారం రాత్రి

అక్వేరియంలో మొక్కలు పెరిగిపోయాయని కోడలు సునీత వాటిని వేదాద్రి తీసుకెళ్ళి, పసుపు కుంకుమ చల్లి మరీ కృష్ణలో వదిలి వచ్చింది. ఆ భక్తికి నా ఒళ్ళు మండిపోయింది.

"ప్రాణమున్నవి కదా అత్తయ్యా, చెత్తబుట్టలో వేస్తే పాపం కాదూ?"

"గుర్రపుడెక్కని కూడా పువ్వు బాగుందనే పరాయి దేశం నుంచి తెచ్చారు తల్లీ. ఇప్పుడు చెరువుల్లో నీళ్ళు కనిపిస్తున్నాయా? వీటిని డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి పారేయాలి గానీ, ఏట్లో వదులుతారా?" అని అరిచాను.

"నాలుగు రెమ్మలేగా!"

మా అక్వేరియం నిండింది ఒక్క రెమ్మతోనే. దానికి ఏరు దొరికితే ఆగుతుందా?

పొద్దున్నే ఇద్దరం వెళ్ళి, రేవులో చిక్కుకున్నవైనా ఏరుకురావాలి. మిగతావి ఈపాటికి ఎక్కడ వేళ్ళూనాయో... పసుపు కుంకుమలు పెట్టి సాగనంపినదాన్ని వెనక్కి రమ్మంటే వస్తుందా?