గుట్టెక్కే తాడు మీద తడి చీరలు

2011 ఫిబ్రవరి, సోమవారం

మనవరాలు మౌనికకు గుట్టలెక్కే పిచ్చి. కాలేజీ వాళ్ళు ఒకసారి తీసుకుపోయినప్పటి నుంచి ఇదే పాట. భువనగిరి గుట్ట దగ్గర ఐదు రోజులు అక్కడే ఉంచుకుని నేర్పిస్తారట. నేనేమో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు దాటాలంటేనే దేవుళ్ళందరికీ మొక్కేదాన్ని...

మంగళవారం

దాని నాయన శీను పంపనన్నాడు. ఊరంతా బంద్‌లు, ఆడపిల్ల ఒక్కతి ఎట్ల పోతదని. బదులుగా తాడు, బూట్లు కొనిస్తాడట. నా కొడుకు తీరే అంత. చిన్నప్పుడు అది ఈత నేర్చుకుంటానంటే రబ్బరు ట్యూబు తెచ్చాడు. ట్యూబు అటక మీద ఉంది. పిల్లకు ఇప్పటికీ ఈత రాదు.

బుధవారం

తాడు వచ్చింది. నీలం రంగు, నున్నగా ఉంది. బూట్లు డబ్బాలోనే ఉన్నాయి. ఆదివారం స్నేహితురాలితో నాదర్‌గుల్ దిక్కు బండలెక్కుతుందట.

"నేర్పెటోళ్లు లేకుండనా?"

"కంప్యూటర్ల చూసినం నానమ్మా."

గురువారం

మగ్గం కొంటే బట్ట దిగుతుందా? మా నాయన ఏడాది నూలు కండెలు చుట్టించాకే నన్ను నేతకు మగ్గం గుంటలోకి దిగనిచ్చాడు.

శుక్రవారం

అందరూ పోయాక కత్తిపీట ముందేసుకుని తాడు మూడు ముక్కలు చేశాను. డాబా మీద దండేలు కట్టాను. చీరలారేశాను. ముడులు గట్టిగానే పడ్డాయి.

సాయంత్రం శీను పైకొచ్చి చూశాడు.

"ఏం జేసినవే అమ్మా గిది?"

"బూట్లు వాపస్ ఇయ్యి. గా పైసలతోని నేర్పియ్యి. ఒక్కదాన్ని పంపనంటివి గద, నేను బోత."



శనివారం

శీను ఫీజు కట్టాడు. నాతో చెప్పలేదు, పిల్లతో చెప్పాడు.

"నువ్వు ఆడ కూసుంటే నవ్వుతరు నానమ్మా." రెండు రోజుల్లో అది అన్న మాట ఇదొక్కటే.

నవ్వనీ. బీపీ గోళీలు, గొడుగు, సర్వపిండి — సంచి కట్టాను.

ఆదివారం

ఎల్బీనగర్ చౌరస్తా. బంద్. ఉద్యమం వాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. బస్సుల్లేవు. తెలంగాణ రావాలి, నేనూ అంటాను. భువనగిరి బస్సు కూడా రావాలి.

పొద్దుగూకేలోపు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారట. శీను ఫోన్ చేస్తూనే ఉన్నాడు, వాపస్ రమ్మని. మౌనిక నా మొహం చూస్తోంది. పోయేది ఎట్లనో తెలియదు. సంచి మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంటి దిక్కుకైతే లేవను.