జగ్గమ్మ 22.10

శ్రీకాకుళం,
నవంబరు 20, 2025.

తమ్ముడు గోపీకి,

అక్క దీవెనలు. నేను క్షేమంగా ఉన్నాను. అలవాటుకొద్దీ "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టి, కొట్టేసి మళ్లీ రాశాను. ఆ కొట్టివేత చూసి నవ్వుకో. నువ్వూ, ఆ కొండమీద నీతో ఉన్నవాళ్లూ చలికి తట్టుకుని ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం దీపావళి వెళ్లాక అందింది. అక్కడ ఫోను పలకకపోవడం వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే, నీ దస్తూరి చూడగలిగాను. చిన్నప్పటికన్నా చాలా నయం. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాగావళికి నీళ్లు బాగానే వచ్చాయి. మన వాటాలో కురిసే మూల ఇంటివాళ్లు సిమెంటు పూయించారు. కింది వాటా లక్ష్మణమ్మగారు సాయంత్రాలు వచ్చి కూర్చుంటున్నారా అని అడిగావు. ఆమె వేసవిలోనే కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయారు. నువ్వు బెంగపెట్టుకుంటావని రాయలేదు. కింద ఇంకా ఎవరూ దిగలేదు.

విండోస్ ఎనిమిది తర్వాత పది వచ్చింది, మధ్యలో తొమ్మిది ఏమైపోయిందని మీ క్యాంపులో నరసింగరావు అడిగాడన్నావు. అతనికి చెప్పు, దానికి రకరకాల కారణాలు చెప్పుకుంటారు, అసలు సంగతి ఆ కంపెనీకే తెలియాలి. ఎవరి పద్ధతి వాళ్లది. ఆండ్రాయిడ్ వాళ్లు చాలాకాలం అక్షరక్రమంలో మిఠాయిల పేర్లు పెట్టారు. తర్వాత బయటికి ఒట్టి అంకెలే చెబుతున్నారు.

ఇక మా పద్ధతి. అమ్మ పేరు కంప్యూటర్‌కి పెట్టారంటే మీవాళ్లు నమ్మడం లేదనీ, వివరంగా రాసి పంపితే చదివి వినిపిస్తాననీ రాశావు. వినిపించు.

మా ఆపరేటింగ్ సిస్టమ్ ఏ కంపెనీదీ కాదు. తలా ఒక దేశంలో ఉన్న కొద్దిమందిమి కలిసి చేసి, బడులకూ గ్రంథాలయాలకూ ఉచితంగా ఇస్తాం. ఏడాదికొక కొత్తది విడుదల చేస్తాం. దానికి ఒక అంకె, ఒక పేరు. అంకెలో లెక్కేమీ లేదు, విడుదలైన సంవత్సరం, నెల, అంతే. 22.10 అంటే 2022 అక్టోబరు. తర్వాత చిన్న మరమ్మతులు చేస్తే చివర ఇంకో అంకె చేరుతుంది. పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల వరసలో రావాలి. అది పేరున్న మనిషిది కాకూడదు. మాలో ఒకరికి బాగా తెలిసిన, లోకానికి తెలియని మనిషిదై ఉండాలి. ఆ మనిషి ఎవరో నాలుగు ముక్కలు రాయాలి, అందరూ ఓటు వేయాలి.

ఆ ఏడు 'జె' అక్షరం వంతు. పోర్చుగల్‌లో ఇనేస్ అనే ఆవిడ తన మంగలి జోర్జ్ పేరు పెట్టమంది. నేను అమ్మ పేరు ఇచ్చాను. కోటబొమ్మాళి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిందనీ, తను తినే ముందు ఆఖరి పిల్లవాడి కంచం చూసేదనీ రాశాను. అమ్మ గెలిచింది. ఇనేస్ కూడా అమ్మకే ఓటు వేసింది.

అప్పటికి అమ్మ నా దగ్గరే ఉంది కదా. సంగతి చెబితే బియ్యం ఏరడం ఆపి చూసింది.

"నా పేరేటే? మరేటీ దొరకనేదా?"

"మంచి పేరే కదమ్మా."

"ఇంతకీ అదేటి సేస్తాది?"

"కంప్యూటర్‌లో ముందు లేచేది అదేనమ్మా. అది లేస్తేనే మిగతావన్నీ లేస్తాయి."

"అంటే పొద్దున్నే లెగిసి పొయ్యి ముట్టించేదన్నమాట," అంది. మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. "పాడైపోతే నన్ను తిడతారా?"

"తిడతారు."

"తిట్టనీ. పప్పు పలసనైతే బడిలో తిట్టనేదేటి!"

నిజంగానే తిట్టారు గోపీ. రోజూ ఎవరో ఒకరు రాసేవారు. జగ్గమ్మ నెమ్మదిగా లేస్తోంది. జగ్గమ్మకి ప్రింటర్ కనబడటం లేదు. జగ్గమ్మ మాట వినడం లేదు. నేను చదివి వినిపిస్తే అమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. ఆ మరుసటి వేసవిలోనే పోయింది. నువ్వు వచ్చావు, పెద్దకర్మ అయ్యాక వెళ్లావు.

నువ్వు వెళ్లాక ఇంట్లో ఆ పేరు పలికే మనిషి లేకుండా పోయింది. మనం అమ్మా అనేవాళ్లం, పేరుతో పిలిచేవాళ్లు కోటబొమ్మాళిలో ఉండిపోయారు. కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే చాలు, సమావేశంలో ఎవరో ఒకరు అనేవారు. ఇనేస్‌కి వొత్తు పలకదు, "జగామా" అంటుంది. అదైనా సరే అనిపించేది. నావి కాని మరమ్మతులు కూడా నెత్తినేసుకున్నాను, ఆ పేరున్న పని ఏదైనా ముందు నా దగ్గరికే రావాలని. అలా రెండేళ్లకు పైగా గడిచింది. ఈలోగా 'కె' వచ్చింది, 'ఎల్' వచ్చింది.

మా దగ్గర ఏ విడుదలకైనా మూడేళ్లే మరమ్మతులు చేస్తాం. తర్వాత ఆపేస్తున్నామని అందరికీ ప్రకటన ఇవ్వాలి. పేరు పెట్టినవాళ్లే ఆ ప్రకటన రాయడం మా ఆనవాయితీ. మొన్న అక్టోబరుకి జగ్గమ్మ గడువు తీరింది. ఈ పనిలో దాన్ని ఎండ్ ఆఫ్ లైఫ్ అనే అంటారు. అదివరకు ఎన్నోసార్లు అన్న మాటే, ఎప్పుడూ పట్టించుకోలేదు. తెలుగు ప్రకటన కూడా నేనే రాయాలి కాబట్టి ఆ మాటను తెలుగు చేయబోయి ఆగిపోయాను. "జగ్గమ్మ" అని కొట్టి, లేచి టీ పెట్టుకున్నాను. తిరిగొచ్చి చూస్తే తెరమీద ఆ ఒక్క మాటే ఉంది. వారం రోజులు అలాగే ఉంది.

నాతో ఇంజనీరింగ్ చదివిన విజయనగరం ధర్మేంద్ర నీకు తెలుసు, నన్ను ఈ పనిలోకి తెచ్చింది అతనే. ఫోన్ చేశాడు.

"యమునా, నువ్వు రాయలేకపోతే నేను రాసేస్తాను. పేరు ఎత్తనులే. ఇరవై రెండు పది ముగిసిందని ఒట్టి అంకె పెడితే సరిపోతాది."

ఒప్పుకుందామనే అనుకున్నాను. నోట్లోంచి మాత్రం "వద్దు, పేరుతోనే రాస్తాను" అని వచ్చింది.

రాశాను. "జగ్గమ్మ 22.10కి ఇకమీద మరమ్మతులు రావు. ఇన్నాళ్లు వాడినవాళ్లకు కృతజ్ఞతలు. దయచేసి కొత్తదానికి మారండి." అంతే. ఒకరిద్దరు మంచి మాటలు రాశారు. ఇనేస్ పువ్వు బొమ్మ పంపింది. అదే వారం 'ఎమ్' విడుదలైంది, దాని పేరు మెలీనా. అప్పటినుంచి అందరూ మెలీనా నెమ్మదిగా లేస్తోందని రాస్తున్నారు. అందులో వాళ్ల తప్పేముంది? పని అలాగే జరగాలి.

ఒకరోజు ఇంట్లో ఉన్నట్టుండి నేనే పైకి అన్నాను, జగ్గమ్మా అని. గొంతు బొంగురుపోయి వచ్చింది. రెండు రోజులుగా ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

మర్నాడే పాతపట్నం బస్సెక్కాను.

అసలు నీకు చెప్పవలసింది ఇదీ. మొదటి పేజీలోనే రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. మన ధనలక్ష్మి పెద్దమ్మకి ఏడాదిగా జ్ఞాపకం సరిగా ఉండటం లేదు. నేను వెళ్లేసరికి అరుగుమీద కూర్చుని చోళ్లు చెరుగుతోంది. చేట దించి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవులే? జగ్గీ, నువ్వేటే?"

వెనకనుంచి గౌరి వదిన గబగబా వచ్చి నా చెవిలో అంది. "చెల్లి పోనాదని ఎన్నిసార్లు సెప్పినా మర్సిపోతంది. సెప్పినప్పుడల్లా కొత్తగా ఏడుస్తాది. సెప్పకు, యమునా."

"పలకవేటే? నోరు పడిపోనాదా?" అంది పెద్దమ్మ.

అమ్మ ఆమెను అప్పా అని పిలిచేది, గుర్తుందా? "నానే, అప్పా," అన్నాను.

చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇన్నాళ్లూ రానందుకు తిట్టింది. చిక్కిపోయానంది. పిల్లలెలా ఉన్నారని అడిగింది.

"బాగున్నారప్పా. సిన్నోడు మిలటరీలో ఉన్నాడు. పెద్దది సికాకుళంలో కంప్యూటర్ పని సేస్తంది."

"దానికి తోడెవులున్నారే?"

"ఎవులూ నేరప్పా."

పెద్దమ్మకి నిజంగా కోపం వచ్చింది. "నువ్వేటి తల్లివే? ఆడగుంటని అలాగొగ్గేసి ఎలాగొచ్చీసినావే?"

అమ్మ ఉంటే ఏమనేదో అదే అనాలని చూశాను. "నా సేతిలో నేదప్పా," అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. కర్మల రోజుల్లో కూడా నేను అలా ఏడవలేదు, నువ్వు చూశావు. పెద్దమ్మ తన కొంగుతోనే నా ముఖం తుడిచి, "ఏడవకే జగ్గీ, ఏడవకు" అని అంటూనే ఉంది. ఎన్నిసార్లు అందో.

రెండు రోజులు ఉన్నాను. తలకి నూనె రాసింది, అన్నం కలిపి పెట్టింది. నేను యమునని ఒక్కసారి కూడా చెప్పలేదు. గౌరి వదిన కోసమే చెప్పలేదని నీకు రాయవచ్చు, కానీ అది నిజం కాదు. నాకే చెప్పాలనిపించలేదు. ఆమెను మోసం చేశానా, అమ్మకి ఏదైనా అపచారం చేశానా అని బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాను. నీకు ఏమనిపిస్తే అది రాయి, బాధపడను.

బయల్దేరుతుంటే వీధిలోకి వచ్చి మరీ చెప్పింది. "ఈసారి ఆ గుంటని కూడా తెచ్చేయే. ఒక్కతీ ఏటి తింటాదో ఏటో."

తెస్తానన్నాను.

ఫిబ్రవరిలో సెలవు దొరకవచ్చన్నావు. దొరికితే ముందు పాతపట్నం వెళ్దాం. నిన్ను ఎవరనుకుంటుందో తెలియదు, ఎవరనుకుంటే వాళ్లవైపో. నన్ను జగ్గీ అని పిలిస్తే మాత్రం దిద్దకు.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నీ అక్క
యమున