ఎవరూ ఎక్కని స్టాపు

ప్రియమైన డ్రైవరు గారికి,

ఫోన్లో మాట్లాడుకోవడం మనకిక చేతకాదని తేలిపోయింది. "తిన్నారా", "తిన్నాను", ఆ తర్వాత ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం వింటూ కూర్చోవడం. అందుకే ఉత్తరం. చదువుకునే రోజుల్లో మీ బస్సు దిగేటప్పుడు మీ గేరు పక్కన చీటీలు పడేసి పరిగెత్తేదాన్ని చూడండి, వాటి తర్వాత మీకు రాస్తున్నది ఇదే. అప్పుడు స్టాంపు ఖర్చు లేదు.

ఇక్కడ గది బాగానే ఉంది. ఒక మంచం, ఒక బల్ల, వీధి వైపు కిటికీ. పైగదిలో ఎవరో కుర్చీ నేలమీద ఈడుస్తుంటారు. ఈడ్చినప్పుడల్లా తల పైకెత్తుతాను. మన ఉడత కుర్చీని ఎత్తి జరపడం ఎప్పుడైనా నేర్చుకుందా?

నిన్న తర్కం క్లాసులో ఒక పని పెట్టాను. ఊళ్ళో వినే పుకారు ఒకటి చెప్పండి, దాన్ని నిలదీద్దాం అన్నాను. మన ఊరి అమ్మాయి ఒకతె లేచింది. "మేడం, మా ఊళ్ళో శ్మశానం స్టాపులో దయ్యాలు బస్సెక్కుతాయండీ. సాయంత్రం ఆరింటి బస్సు. అక్కడ ఒక్క మనిషి కూడా ఉండడు. అయినా డ్రైవరు ఆపుతాడు, తలుపు తెరుస్తాడు, కాసేపాగి మూస్తాడు. మా పిన్ని కళ్ళారా చూసింది" అంది. "ఏ పిన్నే? దయ్యాల్లో ఒకావిడా?" అని వెనక బెంచీ. అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. మన ఉడతని, తొమ్మిదేళ్ళ పిల్లని, పోయిన వానాకాలంలో జ్వరం తీసుకుపోతే మనం పడుకోబెట్టి వచ్చింది అక్కడేనని పాపం వాళ్ళకేం తెలుసు?

అది మీ రూటే కదా. ఆ డ్రైవరెవరో, ఎందుకలా చేస్తున్నాడో కనుక్కుని రాయండి. క్లాసులో చదివి వినిపిస్తాను. పిల్లల నోట ఆ చోటు పరాచికం కావడం నాకు నచ్చలేదు.

వేళకి తినండి.

మీ
పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకు,

నీ ఉత్తరం డిపో అడ్రసుకి రాశావేంటి? అందరి ముందూ చింపాల్సి వచ్చింది. మన కండక్టరమ్మ పక్కనే ఉండి "అన్నా, వదిన ఇప్పుడు తిట్లు పోస్టులో పంపిస్తోందా?" అంది.

నువ్వడిగిన డ్రైవరు నాకు తెలిసినవాడే. మంచివాడే. దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు. తలుపుకి గాలి సరిగ్గా పట్టడం లేదు, బస్సు ఆగినప్పుడల్లా దానంతటదే తెరుచుకుంటోంది. దానికే ఈ గోలంతా. మొన్న ఒక పెద్దాయన "ఏమ్మా, ఇప్పుడెక్కినాయనకి టికెట్టు కొట్టావా?" అంటే మన కండక్టరమ్మ "వాళ్ళందరికీ పాసులున్నాయి బాబాయ్, ముందు మీరు చిల్లర తీయండి" అంది. బస్సంతా ఒకటే నవ్వు.

నా తిండి గురించి బెంగ పెట్టుకోకు. డిపో క్యాంటీన్లో తింటున్నాను. ఇంట్లో గిన్నెలు నువ్వు బోర్లించి వెళ్ళినవి బోర్లించినట్టే ఉన్నాయి.

ఒక్కమాట అడుగుతాను, నవ్వకు. నువ్వు ఇన్ని పుస్తకాలు చదివినదానివి. శ్మశానాల్లో నిజంగా ఆత్మలుంటాయా? క్లాసులో చెప్పేది కాదు, నాకు చెప్పేది చెప్పు.

ఉంటాను.

నీ
డ్రైవరు

*

ప్రియమైన మీకు,

మీకు అబద్ధం చెప్పడం రాదు. పెళ్ళినాడే చెప్పాను. ఎవరో డ్రైవరన్నారు, మరి ఆయన బస్సులో మన కండక్టరమ్మ ఏం చేస్తోంది? తలుపు పాడైందన్నారు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేని చోట అసలు ఆపడమెందుకు?

ఆవిడకే ఫోన్ చేశాను. పాపం, ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, అడగ్గానే ఏడ్చేసింది. "ఏం చెప్పమంటావు వదినా? ఎన్నిసార్లు గంట కొట్టినా కదలడు. తలుపు తెరిచి అద్దంలోంచి మెట్ల వైపే చూస్తాడు. మొదట్లో జనం నవ్వారు. ఇప్పుడు భయపడి ఆ బస్సెక్కడమే మానేస్తున్నారు. మేనేజరు మెమో ఇచ్చాడు. తలుపు పాడైందని ఒక్క ముక్క రాసిచ్చేయన్నా అంటే, బాగున్నదాన్ని పాడైందని ఎలా రాస్తానే అంటాడు."

నాకు చెప్పిన అబద్ధమే మేనేజరుకీ చెప్పండి. మీ ఉద్యోగం పోకూడదు.

ఇక మీరడిగింది. ఆత్మలు లేవు. చీకటి, గాలి, మన భయం, అంతే. ఇది క్లాసులో చెప్పేది. మీకు చెప్పేది ఇది. దాన్ని పడుకోబెట్టి వచ్చాక నేను మీకు తెలియకుండా చాలాసార్లు అక్కడికి వెళ్ళాను. గదిలో లైటు ఆర్పనివ్వని పిల్ల, దయ్యమన్న మాట వింటే నా ఒళ్ళో దూరే పిల్ల. దాన్ని తీసుకెళ్ళి ముక్కూమొహం తెలియని చచ్చిపోయినవాళ్ళ మధ్య వదిలి వచ్చాం. ఆత్మలే ఉంటే అది వాళ్ళని చూసి హడలిపోతూ ఉంటుంది. లేవంటే అది ఎక్కడా లేదు. ఈ రెంటిలో ఏది కోరుకోవాలండీ తల్లి? ఒకరోజు దాన్ని పేరు పెట్టి పిలిచాను. గడ్డి కదిలింది. గాలికేనని వెంటనే తెలిసిపోయింది. ఒక్క క్షణమైనా మోసపోయి ఉంటే బాగుండేది, అదీ నాకు రాసిపెట్టి లేదు. ఆ తర్వాతే ఈ ఊరికి బదిలీ అడిగాను.

అది మీ బస్సెక్కదు. మీరు ఎంతసేపు తలుపు తెరిచి ఉంచినా ఎక్కదు. మూసేయండి.

మీ
నేను

*

ప్రియమైన పంతులమ్మకు,

ఆలస్యమైంది. రాయడం, చింపడం, ఇదే పని.

మేనేజరు పిలిచాడు. "ఏమయ్యా, దయ్యాలకి స్పెషల్ సర్వీసు నడుపుతున్నావా?" అన్నాడు. నేనూ నవ్వాను. తలుపు బాగానే ఉందనే చెప్పాను. పాడైందంటే బస్సుని షెడ్డుకి పంపి నాకింకోటి ఇస్తారు. నా వెనకున్న ఆ సీటు ఇంకో బస్సులో ఉండదు.

నువ్వొక పొరపాటు పడ్డావు. నువ్వే కాదు, అందరూ అదే పొరపాటు పడుతున్నారు. అక్కడ ఎవరూ ఎక్కరు. అది దిగుతుంది.

స్కూలు వదలగానే ఎక్కి నా వెనక సీట్లో కూర్చునేది కదా. నా డ్యూటీ అయ్యేదాకా ఊరంతా తిరిగేది. హారన్ కొట్టు నాన్నా, వాడిని దాటెయ్ నాన్నా, ఒకటే పోరు. ఇప్పుడు కూడా స్కూలు దగ్గరికి వచ్చేసరికి ఆ సీట్లోంచి నా సంచి తీసి కింద పెడతాను. అది కూర్చుందని అనను. నువ్వు నిలదీస్తే లేదనే చెప్తాను. కానీ అక్కడినుంచి మలుపులన్నీ మెల్లగా తిప్పుతున్నాను, తూలి పడుతుందేమోనని.

తిప్పి తిప్పి ఎక్కడికి తీసుకెళ్ళను? ఇదివరకైతే డిపోలో బండి పెట్టేసి ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఇంటికి తాళం. తాళం వేసిన ఇంటికి పిల్లని ఎలా తీసుకెళ్ళేది? అమ్మేదని అడిగితే ఏం చెప్పేది? అందుకని ఆ స్టాపులో దింపుతున్నాను. మెట్లు చూసుకో నాన్నా అంటాను. అది దిగేదాకా తలుపు ఎలా మూస్తాను చెప్పు?

నిన్ననడం లేదు. నువ్వు ఈ ఇంట్లో ఉండలేకపోయావు, నాకు తెలుసు. నేనూ ఉండటం లేదు, పడుకుని లేచి వస్తున్నాను.

సోమవారం నుంచి నన్ను వేరే రూటుకి మార్చారు. అటువైపు పోదు. శనివారం ఆరింటి ట్రిప్పే ఆఖరు. ఆరోజు దింపితే ఇక ఎక్కించుకునేది లేదు. దింపలేను. దింపకుండా ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలీదు. నీకేమైనా తెలిస్తే రాయి.

నీ
డ్రైవరు

*

ప్రియమైన మీకు,

మా కాలేజీ గుమాస్తా మన ఊరు వస్తుంటే ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. శనివారానికి ముందే మీకు అందాలి.

అక్కడ దింపకండి. ఇంటికి తీసుకురండి.

నేను శనివారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. సెలవు పెట్టాను. తిరిగి మన ఊరికి బదిలీ కోసం కూడా రాశాను, ఇస్తారో లేదో తెలీదు. ఇవ్వకపోతే ఏం చేయాలో అప్పుడు చూసుకుందాం.

నన్ను అపార్థం చేసుకోకండి. నేను మారిపోలేదు. శ్మశానంలో ఎవరూ లేరనే ఇప్పటికీ అంటాను. మీ వెనక సీట్లోనూ ఎవరూ లేరు. కానీ ఈ మాటని ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని నమ్మడం ఇక నావల్ల కావడం లేదు. అది నిజమే అయినా ఒక్క మనిషి మోసే బరువు కాదండీ అది.

కాబట్టి తీసుకురండి. శనివారం సాయంత్రం మీరు గుమ్మంలో నిలబడతారు. నేను మీ మొహం చూడకముందే మీ వెనక్కి చూస్తాను, అది నా చేతుల్లో లేదు. అక్కడ ఎవరూ ఉండరు. మీరు నా మొహం చూసి తెలుసుకుంటారు. అది ఇంటికి రాలేదని మనిద్దరం కలిసి తెలుసుకోవడం అదే మొదటిసారి అవుతుంది. పడుకోబెట్టిన రోజు కూడా మీరు మగవాళ్ళతో బయట నిలబడ్డారు, నేను ఆడవాళ్ళ మధ్య ఇంటి లోపల. ఇద్దరం ఒక్కచోట ఏడవనే లేదు.

గిన్నెలు కడిగి పెడతాను. ఇద్దరికి ఎన్ని బియ్యం పోయాలో నేను మర్చిపోయాను. మీరొచ్చాకే ఎసరు పెడతాను.

మీ
నేను