పనిముట్లతో ప్రార్థనకు

అక్కా, ఎప్పుడూ నువ్వే ముందు చెప్పే వందనాలు ఈసారి నేను చెబుతున్నాను. కింద పడిపోకు!

నీ పోరు పడలేక నిన్న చర్చికి వెళ్లాను. తలుపు లాగితే రాలేదు. ముప్పై ఏళ్లుగా తాళాలు బాగుచేసేవాణ్ణి, ఊరుకుంటానా? సంచిలోంచి సన్న కడ్డీ తీసి, తలుపుకి చెవి ఆనించి అరగంట కెలికాను. చెమటలు పట్టాయి కానీ తాళం కదల్లేదు.

ఇంతలో పాస్టరుగారు లోపలినుంచి తలుపు చటుక్కున తీశారు. దభీమని ఆయన కాళ్ల దగ్గర మోకాళ్ల మీద పడ్డాను.

"అయ్యో, ఎలుకేమో అనుకున్నానండీ! ఈ తలుపుకి మేమెప్పుడూ తాళం వెయ్యం. కాస్త గట్టిగా నెడితే చాలు."

కృప, కృప అని నువ్వు ఇన్నేళ్లుగా ఊదరగొట్టింది దీని గురించేనా? పగలబడి నవ్వాను. ఆయన లేవమని చెయ్యిచ్చారు.

లేవబుద్ధి కాలేదక్కా.

నీ తమ్ముడు