ఫారం అంచున బండి నంబర్లు

కిషన్‌బాగ్, హైదరాబాద్
ఆదివారం

అక్కయ్యకు,

పద్మ దణ్ణం పెట్టి రాస్తున్నది. నువ్వూ బావగారూ కులాసాయేనా? మీ అత్తగారి మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బుజ్జిది ఏడవకుండా బడికి వెళ్తోందా? నా ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు. మనసే బాగాలేదు. అది నీకు కాక ఇంకెవరికి రాయను?

నా ఉద్యోగం ఏమిటని పోయిన ఉత్తరంలో అడిగావు. నవ్వనంటే చెబుతాను. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని బండ్లు లెక్కపెట్టడం. పొద్దున్నే బహదూర్‌పురా చౌరస్తాలో కూర్చుంటే ఆటోకొక గీత, స్కూటర్‌కొక గీత, బస్సుకొక గీత. లెక్కల్లో డిగ్రీ చదివింది ఈ గీతలకా అంటారని నాన్నగారికి మాత్రం సర్వే ఆఫీసరునని చెప్పాను. ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి, ఒక్కోటీ రోజుకు ఎంత దూరం వెళ్తోంది, ఎంత నూనె తాగుతోంది అన్నది తెలిస్తే, ఊళ్లో బండ్లన్నీ కలిసి గాలిలోకి ఎంత కార్బన్ వదులుతున్నాయో అంచనా కడతారట. అందుకు గుణించే అంకె ఏదో పరాయి దేశం పుస్తకంలోంచి తెచ్చుకున్నారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు, ఇంజను ఆపకుండా అరగంట నిలబడే ఆటో సంగతి ఆ పుస్తకం వాళ్లకేం తెలుసు? అదే అడిగితే మా సార్, "అవన్నీ మనకెందుకమ్మా, ఫారం నింపు" అన్నారు.

సాయంత్రానికి ముక్కు తుడుచుకుంటే రుమాలు మసిగుడ్డ అయిపోతోంది. అమ్మ పాత నూలు చీర నీ దగ్గరుందిగా, ముక్కలు చేసి పంపు, మొహానికి కట్టుకుంటాను. మరిచిపోకు.

ఇక అసలు సంగతి. మా పక్క వాటాలో ఖాజా చాచా అని ఒక ఆటో ఆయన ఉంటారు. వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, వాళ్లావిడ చేత జావ కాయించి పంపిందీ ఆయనే. ఈ ఊళ్లో నాకు చుట్టమంటే ఆయనే అనుకో.

బండ్ల లెక్క అయ్యాక, ఏం నూనె పోస్తున్నారని ఆటోవాళ్లను అడిగి రాయమన్నారు. పెట్రోలులో కిరసనాయిలు కలుపుతారని ఊరందరికీ తెలుసు. కానీ ఫారం చూడగానే అందరూ "ఖాలీ పెట్రోలే, ఇంకేం కలుపం" అంటారు. చాచాకు చెప్పుకుని విసుక్కున్నాను.

"గీ కాయితంల పేర్లు రాస్తవా బేటీ?" అని అడిగారు.

"రాయను చాచా, ఒట్టు."

మర్నాడు మా చౌరస్తాలోనే ఉన్న వాళ్ల ఆటో స్టాండులో అందరినీ పోగుచేసి, "సచ్ చెప్పుండ్రి భాయ్. గీ పిల్ల మా గల్లీదే, ఫికర్ లేదు" అన్నారు. ఆయన మాట మీద అందరూ నోరు విప్పారు. ఎంత కలుపుతారో, ఎన్నేళ్ల ఇంజనో అన్నీ చెప్పారు. ఆఫీసులో ఇంకెవరి ఫారాల్లోనూ లేని నిజం నా ఫారాల్లో ఉంది. గర్వపడ్డానక్కా.

పేర్లు రాయలేదు. కానీ అందరివీ ఖాకీ చొక్కాలే, నాకా మొహాలు గుర్తుండవు. అడిగినవాళ్లనే మళ్లీ అడిగితే లెక్క తప్పుతుందని ఫారం అంచున పెన్సిల్‌తో బండి నంబరు వేసుకున్నాను. ఇచ్చేముందు చెరిపేద్దామనుకుని మరిచిపోయాను. కంప్యూటర్ అమ్మాయి వాటిని కూడా శ్రద్ధగా ఎక్కించింది. ఈ లెక్క వేయించుకుంటున్న పెద్ద ఆఫీసు వాళ్లు వివరాలన్నీ అడిగితే మా సార్ మొత్తం పంపేశారు. అక్కణ్ణించి ఆ నంబర్లు రవాణా ఆఫీసుకు చేరాయి. పోయిన నెల నుంచి ఆ స్టాండు ఆటోలకు ఫిట్‌నెస్ కాగితం ఇవ్వడం లేదు. అది లేకపోతే బండి రోడ్డెక్కకూడదు. చాచా ఆటో కూడా వాకిట్లో పట్టా కప్పుకుని ఉంది.

సార్ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. "నువ్వు రాసింది నిజమే కదమ్మా, ఇంక మన చేతుల్లో ఏముంది?" అన్నారు. అబద్ధం చెప్పిన ఆటోలన్నీ హాయిగా తిరుగుతున్నాయి. పొగ పిసరంతైనా తగ్గలేదు, నేను రోజూ పీలుస్తూనే ఉన్నాను.

స్టాండు వాళ్లు చాచాను వెలేసినంత పని చేశారు. "నువ్వు చెప్పుమంటెనే చెప్పినం, కాయితంల మా పేర్లు లేవు, నువ్వే పట్టిచ్చినవ్" అని మొహం మీదే అంటున్నారట. అది విని ఉండబట్టలేక, మొన్న శుక్రవారం ఆయన నమాజు నుంచి వచ్చాక ఉన్నదంతా చెప్పేశాను. ఆటో మీద జారిన పట్టా సర్దారు. ఆ తర్వాత, "తెల్వక చేసినవ్. స్టాండుల ఎవ్వరికీ చెప్పకు బేటీ. నేనంటే ఈడనే పుట్టిన, నాలుగు మాటలు పడ్త. నువ్వు ఒక్కదానివి, దినాం గా చౌరస్తాల కూసుండాలె" అన్నారు.

వద్దు చాచా, నేనే వెళ్లి చెబుతానని అనాల్సింది. అనలేదక్కా. సరేనన్నాను.

నిన్నటి నుంచి అదే చౌరస్తాలో రెండో విడత లెక్క. ఆ స్టాండు వాళ్లంతా అక్కడే ఉన్నారు. అందులో ఒకాయన టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "ఖాజా నిన్ను గూడ మోసం చేసిండు. నీదేం తప్పు లేదు, చాయ్ తాగు బేటీ" అన్నాడు. తాగాను.

ఈ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించకు. మీ అత్తగారికీ బావగారికీ నా నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు. ఎప్పుడూ నన్ను దీవించమని రాస్తాను, ఈసారి నా మాట వదిలేసి, దీపం పెట్టేటప్పుడు చాచా కోసం దణ్ణం పెట్టుకో.

నీ చెల్లెలు
పద్మ