గంపకి మందేశావా?

సుబ్బులూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం పెట్టలేదని బాపట్ల నుంచి మీ అన్నయ్య తిట్టిపోశాడు. తిట్టనీ. నా గొడవ వేరే.

నీ కోళ్లలో మిగిలింది ఎర్రపెట్ట ఒక్కటే. అది పొదగడం మానేసి గుడ్ల మీద నుంచి మాటిమాటికీ లేచిపోతోంది. రెక్క ఎత్తి చూస్తే కోడిపేలు. తెనాలి వెళ్లి పొడిమందు తెచ్చి చల్లాను. మర్నాటికి మళ్లీ పాకాయి. చేపలమ్మే మంగమ్మత్త దిష్టి తీయమంది. మూఢత్వం మీద ఆవిడకి పావుగంట ఉపన్యాసమిచ్చాను.

"అది సరే అబ్బాయ్, కోడికి మందేశావు. మరి గంపకేశావా ఏంటి?" అంది.

గుడ్లు తీసి పక్కన పెట్టి, అది పొదిగే గంప తిరగేశాను. వెదురు సందుల్లో ఎర్రగా బారులు తీరి ఉన్నాయి. పగలంతా అక్కడ దాక్కుని, చీకటిపడ్డాక కోడి నెత్తురు తాగుతున్నాయి.

అమావాస్య అమావాస్యకీ నువ్వు పాత గడ్డి తగలబెట్టి, గంప మీద మరిగే నీళ్లు పోసేదానివి. అమావాస్యకీ కోడికీ ఏం సంబంధమని మా హేతువాద సభలో నీ పేరెత్తి మరీ జనాన్ని నవ్వించాను. ఇంటికొచ్చాక, "నెలనెలా గుర్తుండొద్దటండీ?" అన్నావు. నేను వినిపించుకోలేదు. ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

పొద్దున నువ్వు చేసినట్టే చేసి, గంప ఎండబెట్టి, కొత్త గడ్డి పరిచి గుడ్లు పెట్టాను. పెట్ట ఎక్కి కూర్చుంది. ఇప్పటికి పదిసార్లు వెళ్లి చూశాను, లేవలేదు.

అమావాస్యలని నేనిప్పటికీ నమ్మను. అయినా క్యాలెండర్లో వచ్చే అమావాస్యకి సున్నా చుట్టాను. ఎవరితోనూ అనకు.