ఎడమ బూటు అడుగు

శనివారం, రాత్రి.

మూడు నెలలుగా కారు మూలుగుతోంది, గేర్ మారిస్తే గరగరమంటోంది. నెపమంతా నా భార్య సునీత మీదే వేశాను. "నీకు గేర్లు వెయ్యడం రాదు, అందుకే పాడైంది" అన్నా. తను నడపడం మానేసింది. మదీనాగూడ సర్వీస్ సెంటర్లో చూపిస్తే గేర్‌బాక్సే మార్చాలన్నారు. పదిహేనేళ్ల బండి, అమ్మేద్దామనుకున్నా.

పొద్దున బోరబండలో యాదగిరి అనే పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లా. ఆయన పానా ముట్టుకోలేదు.

"న్యూట్రల్ల వెట్టి క్లచ్ తొక్కుండ్రి సార్."

తొక్కితే మూలుగు. వదిలితే చప్పుడు లేదు. మూడుసార్లు అలాగే చేయించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"గేర్‌బాక్స్ మంచిగుంది. క్లచ్ బేరింగ్ వోయింది, ప్లేటు గూడ అరిగింది. జర మీ బూట్లు సూపియ్యుండ్రి."

చూపించా. ఎడమ బూటు అడుగు వేళ్ల కింద నున్నగా అరిగిపోయింది. కుడిది బాగానే ఉంది.

కారు అద్దానికి వేలాడుతున్న నా ఆఫీసు కార్డు వైపు చూశాడు. "హైటెక్ సిటీ ట్రాఫిక్ల ఫోన్ మీటింగులు వినుకుంట క్లచ్ మీద కాలు అట్లనే ఉంచుతరు సార్ మీరు. అందుకే బేరింగ్ వోయింది."

ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో చిన్న తప్పు దొరకడానికి మా టీమంతా రెండ్రోజులు కంప్యూటర్ లాగ్‌లు చదువుతాం. ఆయనకి రెండు చెవులు, ఒక బూటు చాలాయి. ఆయన పని చూస్తుంటే షెడ్డులోంచి రాబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి, సునీత కారు నడిపేటప్పుడు వేసుకునే చెప్పులు తిరగేసి చూశా. రెండూ ఒకేలా అరిగాయి.

"ఏం చూస్తున్నారు?" అంది వెనక నుంచి.

ఏం లేదన్నాను.